ఇరవై ఈలలు

రెండు కబుర్లు ఒకే మధ్యాహ్నం వచ్చాయని పోయిన వారం చెప్పుకున్నాం.

మొదటిది పోస్టులో వచ్చింది. ముంబైలోని ఒక డిజైన్ విద్యాలయం యోగితను ఇంటర్వ్యూకి పిలిచింది. చదువు పేరు ఇంటరాక్షన్ డిజైన్. మనిషి యంత్రాన్ని ఎలా అడగాలో, యంత్రం మనిషికి ఎలా బదులివ్వాలో తీర్చిదిద్దే పని. టాటానగర్ రైల్వే కాలనీలో ఆ మాట విన్నవాళ్లు లేరు. ఇరవై నాలుగేళ్ల యోగిత మాత్రం రెండేళ్లుగా బిష్టుపూర్ సైబర్ కేఫ్‌లో కూర్చుని దాని గురించి దొరికిందల్లా చదివింది. ప్రవేశ పరీక్ష రాసింది. మంగళవారం ఇంటర్వ్యూ గట్టెక్కితే చాలు.

రెండో కబురు ఫోన్లో వచ్చింది. గోవింద్‌పూర్ రోడ్డులోని మయూరాక్షి ఫోర్జింగ్స్ కార్ఖానాలో ప్రమాదం. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెలను మోసుకెళ్లే రోలర్ల వరసను ఆపబోయి, ఆపరేటర్ పోలయ్య ముందుకు నడిపాడు. పక్కన నిలబడి దిమ్మెల మీంచి రాలే ఇనుప పెచ్చులు ఊడుస్తున్న చిన్నారావు ఎడమ పాదం దిమ్మె కింద నలిగింది. పోలయ్య తప్పు తెలుసుకుని గోడకున్న ఎర్ర బటన్ మీద అరచెయ్యి వేసేసరికి రెండు క్షణాలు గడిచిపోయాయి. చిన్నారావు ఇప్పుడు మాంగో పేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు, అతని భార్య కాంతం మంచం పక్కన ఉంది. పోలయ్యను పనిలోంచి ఆపేశారు.

పోలయ్య వేలు పెట్టిన ఆ టచ్ స్క్రీన్‌ను ఏప్రిల్లో కొత్తగా గీసింది యోగితే. ఆమె పని చేసేది సాక్చీలో రఘువీర్ నడుపుతున్న చిన్న ఆటోమేషన్ ఆఫీసులో. కార్ఖానాలకు కంట్రోల్ ప్యానెళ్లు అమర్చడం వాళ్ల పని. "శుక్రవారం విచారణ. నువ్వొచ్చి స్క్రీన్‌లో లోపం లేదని ఒక్క మాట చెప్పు. ఆదివారం నీ రైలెక్కెయ్" అన్నాడు రఘువీర్.

యోగిత సరేనంది. కానీ గురువారం మధ్యాహ్నం ఆఫీసులో తలనొప్పని చెప్పి, ఆటో ఎక్కి గోవింద్‌పూర్ వెళ్లింది.

*

పోలయ్య ఇంటి తలుపు తీసే ఉంది. బనీను మీద ఉన్నాడు. ఆమెను చూసి గబగబా చొక్కా తొడుక్కున్నాడు. యాభైకి దగ్గరపడిన మనిషి. యోగిత తండ్రిదీ అతనిదీ టెక్కలి దగ్గర పక్కపక్క ఊళ్లే. తెలుగు సంఘం భోజనాల్లో చిన్నప్పట్నుంచీ అతన్ని చూస్తూనే ఉంది.

"రా అమ్మా, కూకో. నాన్న డూటీకి ఎల్లేరా?"

"ఎర్లీ షిఫ్ట్, బాబాయ్. వచ్చేసుంటారు." ఏం అడగాలో ముందే అనుకుని వచ్చింది. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది. "ఆ రోజు ఏమైందో నాకు చెప్తావా?"

"ఏటి సెప్పమంటావు? అందరూ రాసీసుకున్నారు కదా. పోలయ్యకి సెయ్యి తప్పిందని."

"రాసుకున్నది కాదు. నువ్వేం చేశావో చూపించు."

పోలయ్య ఆమె వంక అర్థం కానట్టు చూశాడు. తర్వాత గోడవారనున్న ఇనప ట్రంకు పెట్టెను లాగి నిలబెట్టాడు. దాని మూత స్క్రీనంత ఎత్తుకి వచ్చింది. దాని ముందు నిలబడి, తల ఎత్తి, వీధి తలుపు వైపు చూడసాగాడు. అక్కడ రోలర్లు ఉన్నట్టు. అతని కుడిచెయ్యి మూత మీద ఎడం పక్కకి వెళ్లి ఆగింది.

"ఇది ముందుకి. దిమ్మి కొలిమిలోంచి వత్తాది. సిన్నారావు పెచ్చులూడ్సడానికి వంగుతాడు. నాను ఆడినే సూత్తుంటాను. ఆడు వంగీసరికి..." చెయ్యి చటుక్కున కుడివైపు కింద మూలకి దిగింది. వేలు రేకు మీద టక్కున మోగింది. "ఇక్కడ ఆపీడం. పదకొండేళ్లు, తల్లీ. ముందు మీటలుండేవి, తరవాత బటన్లు, ఆ తరవాత మీ రఘువీర్ బాబు సినిమా తెర పెట్టేరు. ఏటి పెట్టినా ఆపీడం ఆ మూలే. కొత్త తెర మీద రెండు నెల్లూ తడుముకుంటా నెట్టుకొచ్చేను, ఆ రోజు మాత్రం నా ఏలు ఆ మూలకే ఎల్లింది. నాను ఆపీసినాననే అనుకున్నాను."

యోగిత ట్రంకు మూత మీది ఆ మూలనే చూస్తూ ఉండిపోయింది.

పాత స్క్రీన్ ఆమెకు బాగా గుర్తు. నల్లటి తెర, కింద కుడి మూల పెద్ద ఎర్ర చతురస్రం, ఎడమన ఆకుపచ్చ. చాలా వికారంగా అనిపించేది. దాన్ని తీసేసి ఆమె బటన్లన్నీ తెర అడుగున ఒకే వరసలో, ఒకే కొలతలో, అంచులు గుండ్రంగా, లేత నీలం రంగులో పేర్చింది. 'ముందుకు' అన్న బాణం కుడివైపు చూస్తుంది కనక దాన్ని కుడి చివర పెట్టింది. వెనక్కి బాణం ఎడమ చివర. 'ఆపు' మధ్యలో. చూడగానే ఎవరికైనా అర్థమవుతుందనుకుంది. పాతది ఒకవైపు, కొత్తది ఒకవైపు అచ్చు వేయించి, ముంబైకి పట్టుకెళ్లే ఫైల్లో మొదటి పేజీగా అతికించుకుంది. ఆ ఫైల్లో ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ అదే.

పోలయ్య వేలు ఎక్కడైతే మోగిందో, కొత్త తెర మీద అక్కడ ఉన్నది 'ముందుకు'.

"బాబాయ్," అంది. "ఆ మూల నుంచి దాన్ని తీసేసింది నేనే."

పోలయ్య ట్రంకు పెట్టెను మళ్లీ పడుకోబెట్టి గోడకి తోశాడు. బయటి నుంచి ట్రక్కుల చప్పుడు వస్తోంది.

"నువ్వా?" అన్నాడు చివరికి. "నాను కంపెనీవోళ్లు ఎవుళో కలకత్తా నుండి వచ్చి సేసేరనుకున్నాను." ఆ మాటలో కోపం లేదు. అంతకంటే బరువైనదేదో ఉంది. "సరే అమ్మా. నువ్వు బేగి ఇంటికెల్లు. వాన వత్తాది."

*

ఇంటికి వచ్చేసరికి తండ్రి వెంకటరమణ భోంచేస్తున్నాడు. ఆయన టాటానగర్ స్టేషన్‌లో ప్యానెల్ ఆపరేటర్. గదిలో గోడంత బోర్డు ముందు కూర్చుని, బటన్లు నొక్కి పట్టాలు కలపడం, సిగ్నళ్లు ఇవ్వడం ఆయన ఉద్యోగం.

"ఏటమ్మలూ, మొకం అలాగుంది?"

"కుఛ్ నహీ, పాపా."

ఇంట్లో వాళ్లకు అది అలవాటే. ఆయన తెలుగులో అడుగుతాడు, ఆమె హిందీలో బదులిస్తుంది. అయితే చేతులు కడుక్కుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాక, జరిగినదంతా ఆపకుండా చెప్పేసింది. ఆయన అన్నంలో వేళ్లు పెట్టుకుని విన్నాడు. రఘువీర్ చెప్పమన్న ఒక్క మాట గురించి విన్నప్పుడు మాత్రం ముద్ద కలపడం ఆపాడు.

"పోయినేడు మా ప్యానెల్లో ఒక్క సైడింగు లైను బటన్ జరిపేరు," అన్నాడు. "ఒక్కటి. ఇంతే దూరం. ఆ సైడింగుకి నాలుగు రోజులు బళ్లు ఆపీసినారు. మూడు షిఫ్టులోళ్లనీ ఒకళ్ల తరవాత ఒకళ్లని కూకోబెట్టి నొక్కించేరు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న నన్ను కూడాను. నాకు నవ్వొచ్చింది. తరవాత రెండ్రోజులు నా సెయ్యి పాత సోటుకే ఎల్లింది, తెల్సా?"

యోగిత తల దించుకుంది.

"నీకు ఒకటే అడుగుతాను. ఆ కొత్త బొమ్మ పెట్టే ముందు పోలయ్యకి సూపించేవా?"

"లేదు," అంది తెలుగులోనే.

"ఎందుకు?"

అసలు ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. బొమ్మను రఘువీర్‌కి చూపించింది, ఆఫీసులో తోటివాళ్లకి చూపించింది, సైబర్ కేఫ్ నుంచి ముంబైలో ముక్కూమొహం తెలియని ఒక ప్రొఫెసరుకు పంపింది. రోజుకి ఎనిమిది గంటలు దాని ముందు నిలబడే మనిషికి మాత్రం చూపించలేదు.

వెంకటరమణ లేచి చెయ్యి కడుక్కున్నాడు. "రేపు ఏటి సెప్పాలో నాను సెప్పను. నీ పని అది," అని పడుకోవడానికి వెళ్లిపోయాడు. కానీ చాలాసేపటి వరకు మంచం కిర్రుమంటూనే ఉంది.

*

శుక్రవారం పది గంటలకు కార్ఖానా ఆఫీసులో విచారణ మొదలైంది.

కార్ఖానావాళ్లు పెట్టిన విచారణాధికారి త్యాగరాజు పెద్ద ప్లాంటులో ముప్ఫై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరై అగ్రికో కాలనీలో ఉంటున్నారు. సన్నటి మనిషి, ప్రతి మాటా కొలిచినట్టు మాట్లాడతారు. విచారణ హిందీలో జరగాలి. కానీ ఆయనా, రఘువీర్, పోలయ్యా, యోగితా నలుగురూ తెలుగువాళ్లే కావడంతో మాటలు తెలుగులోకి జారిపోతున్నాయి. రాసుకునే గుమాస్తా కోసం త్యాగరాజు మధ్యమధ్య హిందీలో చెబుతున్నారు.

పోలయ్య మూలనున్న స్టూలు మీద కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. యోగిత లోపలికి వచ్చినప్పుడు తలెత్తలేదు.

రఘువీర్ ఆమెకు పక్క కుర్చీ లాగాడు. నలభై దాటిన మనిషి, చెమటకు కళ్లజోడు జారుతోంది. పెద్ద ఉద్యోగం వదిలి సొంత ఆఫీసు పెట్టుకున్నవాడు. మామూలు డిప్లొమాతో వచ్చిన యోగితకు ఊళ్లో ఎవరూ పని ఇవ్వని రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "నీకు కన్నుంది, బొమ్మలు నువ్వు చూసుకో" అన్నవాడు. ముంబైకి సిఫార్సు ఉత్తరం రాసిచ్చిందీ అతనే. అందుకే ఆమెకు అతని మొహంలోకి చూడటం పోలయ్య మొహంలోకి చూడటం కన్నా కష్టంగా ఉంది.

"యోగిత గారూ," అన్నారు త్యాగరాజు. "ఆ స్క్రీన్ తయారు చేసింది మీరు. దానివల్ల ప్రమాదం జరగడానికి ఆస్కారం ఉందా?"

లేదు సార్ అనాలి. రెండు మాటలు. అనేస్తే ఆదివారం రైలు.

"ఉంది సార్," అంది. "ఆపే బటన్ ఉండే చోట నడిపే బటన్ పెట్టాను. పోలయ్య బాబాయ్ వేలు సరిగ్గానే వెళ్లింది. నేనే తప్పు చోట పెట్టాను."

గుమాస్తా పెన్ను ఆపి ఆమెను చూశాడు. రఘువీర్ సగం లేచాడు. "సార్, ఈ అమ్మాయి నిన్నటి నుంచి వొంట్లో బాగుండక..."

"కూర్చోండి," అన్నారు త్యాగరాజు. ఆయన గొంతు పెరగలేదు. "అమ్మా, సరిగ్గా వెళ్లింది, తప్పు చోట పెట్టాను అంటే అది మాట. నాకు మాట చాలదు. పదండి, షెడ్డులోకి."

షెడ్డులో రోలర్ల మోటారుకున్న ఫ్యూజులు మూడూ తీయించి తన జేబులో వేసుకున్నారు. గేటు దగ్గరి చౌకీదారు నుంచి ఈల అడిగి తీసుకున్నారు. రోలర్ల మీద, చిన్నారావు నిలబడే చోటికి ఎదురుగా, ఒక ఖాళీ చెక్కపెట్టె పెట్టించారు. స్క్రీన్ ఉన్న గాజు కేబిన్‌లో పోలయ్యను నిలబెట్టారు.

"రోజూ చేసే పనే చెయ్యి. ముందుకు, వెనక్కి. ఆ పెట్టెను చిన్నారావనుకో. కళ్లు దాని మీదే ఉంచు. ఈల వినగానే ఆపు. ఇరవై సార్లు."

"బాబూ, నాను ఇంక దాన్ని ముట్టను," అన్నాడు పోలయ్య. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మోటారుకి కరెంటు లేదయ్యా. ఎవరికీ ఏమీ కాదు."

యోగిత కేబిన్‌లో అతని వెనక నిలబడి నోటుపుస్తకం తెరిచింది. ఈల మోగింది. పోలయ్య వేలు మధ్యలోకి వెళ్లింది. సరైనదే. రెండోసారీ సరైనదే. మూడోసారి ఈల మోగినప్పుడు అతని వేలు కుడి మూలకి దూకింది. 'ముందుకు'.

పోలయ్య చెయ్యి కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"ఆగకు. కానీ," అన్నారు త్యాగరాజు బయటి నుంచి.

నాలుగు, ఐదు, ఆరు. యోగిత గీతలు గీస్తోంది. ఎనిమిదో ఈల దగ్గర ఆమెకు ఒక సంగతి కనిపించింది. అతను స్క్రీన్ వంక చూసి నొక్కిన ప్రతిసారీ సరిగ్గా నొక్కుతున్నాడు. పెట్టె వంక చూస్తూ నొక్కినప్పుడు చెయ్యి మూలకే వెళుతోంది. తప్పు జరిగాక భయపడి రెండు మూడు సార్లు స్క్రీన్ చూస్తాడు. అప్పుడు పెట్టె మీద చూపు ఉండదు. మళ్లీ పెట్టెను చూడగానే వేలు పాత దారి పట్టేస్తుంది.

ఆ గీతల పక్కన ఆమె 'కళ్లు ఎక్కడ?' అని ఇంకో గడి గీసుకుంది. ఏప్రిల్లో వారం రోజులు కూర్చుని ఆ స్క్రీన్ గీసినప్పుడు ఆమె కళ్లు స్క్రీన్ మీదున్నాయి. పోలయ్య కళ్లు ఉండేది మనిషి మీద. ఈ మాట ఆమె చదివినవాటిలో ఎక్కడా ఇంత సూటిగా లేదు. ఇంత భయంలోనూ ఆమె మనసు ఒక్క క్షణం వెలిగింది. వెంటనే చిన్నారావు పాదం గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇరవై ఈలలు అయ్యాయి. తప్పులు ఏడు.

పోలయ్య కేబిన్ గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు. "అయిపోనాది బాబూ. ఏడు సార్లు సంపీసినాను ఆడిని. నాను పనికిరాను. రాసీసుకోండి."

రఘువీర్ నిట్టూర్చాడు. అందులో కాస్త ఊరట వినిపించింది. "చూశారుగా సార్. పాపం, వయసైపోయింది. చూపు, చెయ్యి అదుపులో లేవు."

"పాత స్క్రీన్ ఎక్కించనివ్వండి సార్," అంది యోగిత.

"పాతది మన దగ్గర లేదు. కొత్తది పెట్టినప్పుడే చెరిపేశాం," అన్నాడు రఘువీర్.

"నా దగ్గరుంది." సంచీలోంచి ఫ్లాపీ తీసింది. ముంబై ఫైల్లో పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తన గొప్ప చూపించుకోవడానికి దాచుకున్న కాపీ అది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

కార్ఖానా కంప్యూటర్ నుంచి ప్యానెల్లోకి ఎక్కించడానికి పావుగంట పట్టింది. నల్లటి తెర, ఆకుపచ్చ, ఎర్ర చతురస్రాలు కళ్లకు గుచ్చుకునేలా వెలిగాయి. పోలయ్యను లేవదీయడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

"బాబాయ్, నువ్వు నిన్న ట్రంకు పెట్టె మీద చూపించావు చూడు, అలా," అంది యోగిత. "నన్ను చూడకు. స్క్రీన్ చూడకు."

మొదటి ఈల. టక్. కుడి మూల. ఎర్రది వెలిగింది. రెండో ఈల. టక్. త్యాగరాజు ఈసారి కావాలని గజిబిజిగా ఊదారు. రెండు వెంటవెంటనే, తర్వాత చాలాసేపు ఏమీ లేకుండా, పోలయ్య చెయ్యి ఎత్తిన క్షణంలో ఒకటి. అతని కళ్లు చెక్కపెట్టె మీంచి కదల్లేదు. చెమట కనుబొమల మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. పదిహేను తర్వాత షెడ్డులో పని చేసేవాళ్లు గాజు బయట గుమిగూడారు. ఎవరో పైకే లెక్కపెట్టడం మొదలెట్టారు. అఠారహ్. ఉన్నీస్. బీస్.

ఒక్క తప్పు లేదు.

త్యాగరాజు ఈలను జేబురుమాలుతో తుడిచి చౌకీదారుకి ఇచ్చేశారు. కేబిన్‌లోకి వచ్చి యోగిత నోటుపుస్తకం తీసుకుని రెండు పేజీలూ చూశారు. 'కళ్లు ఎక్కడ?' అన్న గడి దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది ఎవరు చెప్పారు మీకు, రాసుకోమని?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఇప్పుడే కనిపించింది."

"రెండు నెలల క్రితం కనిపించి ఉంటే బాగుండేది," అన్నారాయన. పుస్తకం తిరిగి ఇవ్వలేదు. గుమాస్తా చేతికిచ్చి, "దీన్ని రికార్డులో చేర్చు," అన్నారు.

పోలయ్య భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుని నిలబడ్డాడు. యోగితకు అతని దగ్గరికి వెళ్లాలనిపించింది. వెళ్లకుండా పెన్ను మూత బిగించింది.

*

అక్కడితో అయిపోతుందనుకుంది. మళ్లీ ఆఫీసు గదిలోకి వచ్చాక రఘువీర్ తన బ్రీఫ్‌కేసు తెరిచి ఒక కాగితం తీశాడు. బల్ల మీద పెట్టేముందు యోగిత వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, కోపం ఉంది, నువ్వే ఇంతదూరం తెచ్చావన్న నిష్ఠూరమూ ఉంది.

"నా ఆఫీసులో ఇంకా నలుగురున్నారు సార్. వాళ్ల గురించి నేను ఆలోచించాలి," అన్నాడు. "స్క్రీన్ మార్చాం. కాదనను. మార్చినప్పుడు ఆపరేటర్‌కి రెండు రోజులు శిక్షణ ఇచ్చాం. ఇదిగో పత్రం. పోలయ్య వేలిముద్ర. శిక్షణ ఇచ్చిన వ్యక్తి సంతకం."

త్యాగరాజు కాగితాన్ని యోగిత వైపు తిప్పారు. "ఈ సంతకం మీదేనా?"

ఆమెదే. ఏప్రిల్ పన్నెండో తారీఖు. ఆ రోజు సాయంత్రం రఘువీర్ కాగితాల కట్ట ముందు పెట్టి, పెన్సిలు గుర్తులున్న చోటల్లా సంతకం చెయ్యమన్నాడు. ప్రింటింగ్ షాపు ఏడింటికి మూసేస్తారు. ముంబై ఫైలు మొదటి పేజీ ఆ రోజే అచ్చు వేయించుకోవాలి. చదవకుండా, నిలబడే, పదకొండు సంతకాలు చేసి పరుగెత్తింది.

"నాదే సార్."

"శిక్షణ ఇచ్చారా?"

"సార్, ఆ రోజు..."

"జవాబిచ్చే ముందు ఒకటి వినండి. అది కూడా నేను చెప్పాలి కాబట్టి చెబుతున్నాను." త్యాగరాజు కళ్లజోడు తీశారు. "ఇవ్వని శిక్షణ ఇచ్చానని సంతకం చేసినట్టయితే అది తప్పుడు రికార్డు. ఒక మనిషి పాదం పోయే పరిస్థితిలో ఉన్నాడు. అప్పుడిది ఈ గదిలో తేలే విషయం కాదు. పోలీసు కేసవుతుంది. మీ వయసుకి, మీరు ఏ చదువుకి పోవాలనుకున్నా, అది మీ వెనకే వస్తుంది. ఆలోచించుకుని చెప్పండి."

ఫ్యాను గాలికి కాగితం అంచు లేస్తోంది, పడుతోంది.

"నేర్పింది బాబూ."

అందరూ మూలకి తిరిగారు. పోలయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆయమ్మ వచ్చింది. రెండ్రోజులు నా పక్కన నిలబడి అన్నీ సెప్పింది. నానే మరిసిపోనాను. ముసిలోడిని కదా. ఆ ముద్ర నాదే. నేర్పింది, రాసుకోండి."

యోగిత నిర్ఘాంతపోయింది. ఆ వేలిముద్ర ఎక్కడిదో ఆమెకు తెలీదు. చేతి తొడుగులు పంచినప్పుడు వేయించారో, జీతం రోజు వేయించారో. కానీ అతను ఇప్పుడు ఏం చేస్తున్నాడో తెలుసు. ఇరవైకి ఇరవై కొట్టి తెచ్చుకున్న మర్యాదని ఆమె కోసం అక్కడే బల్ల మీద వదిలేస్తున్నాడు. ఉద్యోగం కూడా.

రఘువీర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అంతే సార్. ఇంకేముంది?"

"యోగిత గారూ?" అన్నారు త్యాగరాజు.

పోలయ్య ఆమెను చూస్తున్నాడు. తల చాలా కొద్దిగా అడ్డంగా ఊపాడు. మాట్లాడకు అన్నట్టు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. ముంబై, అమ్మానాన్నా, కాలనీలో జనం, పోలీస్ స్టేషన్, అన్నీ కలగాపులగంగా కళ్ల ముందు తిరిగాయి.

"పోలయ్య బాబాయ్ అబద్ధం చెబుతున్నాడు సార్," అంది. "నేను ఒక్క రోజు కూడా రాలేదు. ఆ కాగితం నేను చదవలేదు. చదవకుండా సంతకం చేశాను."

"ఏటమ్మా ఇది!" పోలయ్య గొంతు పగిలింది. "గమ్మునుండమని సెప్తే వినవేటి? ఆడపిల్లవి, టేసన్ల సుట్టూ తిరుగుతావా? నా బతుకు ఎలాగూ అయిపోనాది, నీదీ ఎందుకు?"

"నీది అయిపోలేదు బాబాయ్. ఇరవైకి ఇరవై."

పోలయ్య మొహం తిప్పేసుకున్నాడు. నలుగురి ముందూ అబద్ధాలవాడని అనిపించుకున్నందుకో, ఇచ్చింది పుచ్చుకోనందుకో, అతని మొహంలో గాయపడ్డట్టు కనిపించింది.

త్యాగరాజు తెల్లకాగితం ఒకటి, కలం ఒకటి ఆమె ముందుకు జరిపారు. "మీరన్నదంతా మీ చేత్తో రాయండి. తెలుగులో రాసినా పర్వాలేదు. రాశాక మార్చడానికి ఉండదు."

రఘువీర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి వీపు తిప్పి నిలబడ్డాడు. యోగిత కలం తీసుకుంది. పేరు రాసింది. తండ్రి పేరు రాసింది. 'నేను ఏప్రిల్ నెలలో' అని మొదలుపెట్టింది.

గేటు దగ్గర జీపు ఆగిన చప్పుడైంది.

"పోలీసుల్ని మీరు పిలిచారా?" అన్నాడు రఘువీర్ కిటికీ నుంచి వెనక్కి తిరిగి. మొహం పాలిపోయింది.

"లేదు," అన్నారు త్యాగరాజు. "నేనింకా ఎవరికీ ఫోన్ చెయ్యలేదు."

పోలయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "నాను నిన్న సాయంత్రం మాంగో ఎల్లినాను," అన్నాడు ఎవరి వంకా చూడకుండా. "సిన్నారావు పెళ్లాం అడిగింది, ఎవుళ్లు సేసేరని. నోరు ఆగింది కాదు, యోగితమ్మ పేరు సెప్పీసినాను."

తలుపు తెరుచుకుంది. ముందు ఖాకీ బట్టల మనిషి, వెనక కాంతం. జుట్టు రేగిపోయి ఉంది, చీర మీద మందు మరకలున్నాయి. రాత్రులు నిద్రలేని కళ్లతో గదంతా ఒకసారి చూసింది. పోలయ్యను దాటి, రఘువీర్‌ను దాటి, ఆ చూపు బల్ల ముందున్న యోగిత మీద ఆగింది.

"ఓహీ లడ్కీ హై సాబ్," అంది వేలు చూపించి. తర్వాత తెలుగులో, యోగితతోనే అంది. "ఇందాకల మా ఆయన పాదం తీసీసినారు."

యోగిత చేతిలోని కలం కాగితం మీదే ఆగిపోయింది. వాక్యం ఇంకా సగంలోనే ఉంది.